కర్మ అయిపోయిన మనిషి

మా చెల్లికి మా తమ్ముడు ముందే ఒకసారి నిప్పు పెట్టేశాడు. అప్పటికి అది ఇంకా కువైట్‌లో, ఏదో ఆసుపత్రి చల్లపెట్టెలో ఉంది. వాడు కాల్చింది గడ్డిబొమ్మని. ఈ మాట చెబితే కొత్తవాళ్లు నమ్మరు. తెలిసినవాళ్లు "రెండేళ్లయింది, ఇంకా ఎందుకమ్మా తవ్వుతావు" అంటారు. నేను తవ్వుతాను. నోరు మంచిదైతే ఊరు మంచిది అంటారు గానీ, నేను నోరు మంచిగా పెట్టుకున్నన్నాళ్లూ ఈ ఊరు నాకు చేసిన మంచి ఏమీ లేదు.

మాది కైకలూరుకి అవతల కొల్లేటి లంకల్లో ఒక ఊరు. చుట్టూ చేపల చెరువులు, మధ్యలో ఇళ్లు, బయటికి పోవడానికి ఒక్క గట్టు రోడ్డు. చెరువులకైనా చావులకైనా అక్కడ పెద్దల మాటే మాట. కాదన్నవాడికి ఊరి చెరువులో వాటా ఆగిపోతుంది. మేము ముగ్గురం. నేను పెద్దదాన్ని. నా వెనక తమ్ముడు, వాడి వెనక అయిదేళ్లకి చెల్లి. నన్ను అదే ఊళ్లో రెండు వీధుల అవతలకి ఇచ్చారు. చెల్లి పెళ్లే చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగినవాళ్లందరికీ "నచ్చలేదండి" అని ఒకటే జవాబు. ఏది నచ్చలేదో చెప్పేది కాదు.

నాన్న పోయాక అది కువైట్ వెళ్లి ఒక ఇంట్లో వంటకి కుదిరింది. పదేళ్లు దాటింది. శుక్రవారం శుక్రవారం ఫోన్ చేసేది. ఊళ్లో ఎవరికి ఎవరితో పడటం లేదో మొత్తం చెప్పించుకుని, ఆఖర్న ఒక్కోసారి అనేది: "అక్కా, నాకేదన్నా అయితే ఈ ఇసకలో పెట్టనివ్వకు. అమ్మని కాల్చిన గట్టు మీదకే తెచ్చెయ్యి." నేను కసిరేదాన్ని. నోట్లోంచి మంచి మాట రాదా నీకు అని ఫోన్ పెట్టేసేదాన్ని. ఒక వేసవిలో, నిద్రలోనే గుండె ఆగిపోయిందని అక్కణ్నుంచి కబురొచ్చింది. దానికి నలభై రెండేళ్లు.

కబురు చెప్పింది తాడేపల్లిగూడెం అతను. అక్కడ కారు డ్రైవరు. మాకు చుట్టమూ కాదు, మా కులమూ కాదు. దాని చేతి చేపల పులుసు రెండు మూడుసార్లు తిన్నాడట, అంతే రుణం. పనిమానుకుని పోలీసులనీ ఆసుపత్రనీ ఎంబసీ అనీ అతనే తిరిగాడు. దాన్ని పనికి పెట్టుకున్న ఇంటివాళ్లు మాత్రం ఒక్క సంతకం పెట్టడానికి మూడు వారాలు తీసుకున్నారు. వాళ్ల ఇల్లు కూలిపోవాలని నేను ఎప్పుడూ అనలేదు. అనుకున్నాను.

ఇక్కడి కాగితాలకి నేను ఏలూరు తిరిగాను. అక్కడ ఒక ఆఫీసులో గుమస్తా ఒకాయన, తల ఎత్తకుండా, "మీరు ఆవిడకి ఏమవుతారండి" అని అడిగాడు. అక్కని అన్నాను. "పెళ్లయినవాళ్లా? అయితే మీ సంతకం చెల్లదండి. ఇంట్లో మగవాళ్లని పంపించండి" అన్నాడు. ఎంత మర్యాదగా అన్నాడో. ప్రతి మాటకీ అండీ తగిలించి మరీ తోసేశాడు. నా పొత్తిళ్లలో పెరిగిన పిల్లకి నేను ఏమీ కానని ఏలూరు వెళ్లి తెలుసుకున్నాను. తమ్ముణ్ని తీసుకెళ్లి పెట్టించాను. పెట్టాడు. కాదనలేదు. వాడి తప్పు అది కాదు.

వాడి తప్పు చెరువు. పెళ్లికాని పిల్ల కాబట్టి అది వాడి ఇంటి మనిషి, మైల వాడి ఇంటిది. మా వాళ్లలో మైల ఉన్న ఇంటి మగాడు చెరువులో కాలు పెట్టకూడదు, వల ముట్టకూడదు. శవం రావాలి, కాల్చాలి, పదకొండో రోజు పెద్దకర్మ చేసి శుద్ధి కావాలి. శవం రాలేదు. మైల తీరలేదు. వాడి చెరువులో చేప బరువుకొచ్చి ఉంది. ఎండలు మండుతున్నాయి, తెల్లవారేసరికి చేపలు గాలి అందక పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. ఆకివీడు కొనుగోలుదారు రోజూ ఫోన్. నాకూ తెలుసు ఆ బాధ, నేనూ చేపల మీద బతికేదాన్నే. వారాలు గడిచాక పెద్దలు కూర్చుని తేల్చారు: శవం దొరకనివాళ్లకి దర్భబొమ్మ చేసి దహనం చేసే పద్ధతి ఉంది కదా, అదే చేసెయ్యండి అని.

తమ్ముడు మా వాకిట్లోకొచ్చి నిలబడి, "అక్కా, దాని చీర ఒకటి ఇవ్వు" అన్నాడు. బొమ్మకి చుట్టడానికి. సరిగ్గా ఆ పొద్దున్నే తాడేపల్లిగూడెం అతను ఫోన్ చేసి, "అక్కగారూ, ఆశ పెట్టుకోవద్దండి, ఇక్కడే పెట్టేసేలా ఉన్నారండి" అని ఏడ్చాడు. ట్రంకుపెట్టె తీసి దాని ఆకుపచ్చ నేత చీర ఇచ్చేశాను. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని ఊరందరికీ చెప్పేదాన్ని, నేనే మోకాటి లోతు తొక్కాను.

చీర చుట్టిన గడ్డి ఎంతసేపు కాలుతుంది? చేయి కడుక్కునే లోపల అయిపోయింది. పదకొండో రోజు పిండం పెట్టారు. కాకి వచ్చి ముట్టింది. "చూశావా, ఆత్మకి శాంతి కలిగింది" అన్నారు. చేపల చెరువు గట్టున కాకికి ఆకలి వేయని రోజు ఏది? ఆ మాట నోటిదాకా వచ్చింది, మింగేశాను. మింగి, అందరితోపాటు కూర్చుని పప్పన్నం తిన్నాను. మర్నాడు వాళ్లు వల దింపారు. లారీ నిండా చేప, చేప మీద ఐసు వేసుకుని ఆకివీడు వెళ్లింది.

లారీ వెళ్లిన నాలుగో రోజు ఫోన్ మోగింది. "అక్కగారూ, కాగితాలు అయిపోయాయండి. ఎల్లుండి విమానం ఎక్కిస్తున్నామండి" అన్నాడు తాడేపల్లిగూడెం అతను. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పరిగెత్తుకుని తమ్ముడింటికి వెళ్లాను. వాడు అరుగు మీద వల బాగుచేసుకుంటున్నాడు. చెల్లి వస్తోందిరా అన్నాను. వాడు వల వదిలేసి నన్ను చూశాడు. చూసి, "ఇప్పుడెలాగక్కా" అన్నాడు.

మిగతావన్నీ నేను క్షమించగలను. ఆ ఒక్క మాట క్షమించలేను. వస్తోందా అనలేదు, ఎప్పుడు అనలేదు. ఇప్పుడెలాగ, అట.

కర్మ చేసినవాడు శవానికి ఎదురెళ్లకూడదని ఎవరో చెప్పారని వాడు హైదరాబాదు రాలేదు. మా ఆయనా నేనూ వెళ్లాం. మా ఆయన కైకలూరులో మేత కొట్లో పనిచేస్తారు. రోజుకి పది మాటలు మాట్లాడితే ఎక్కువ. విమానాశ్రయంలో సరుకులు దింపేచోట రెండు గంటలు నిలబెట్టి ఒక చెక్కపెట్టె చూపించారు. మీద కాగితం అంటించి పేరు, పాస్‌పోర్టు నంబరు, బరువు కిలోల్లో రాసి ఉన్నాయి. మేమూ చేపల పెట్టెల మీద అలాగే రాస్తాం. ఆ కాగితం చింపబోతే అక్కడున్నతను "ముట్టకండమ్మా" అన్నాడు. నా చెల్లి పెట్టెని ముట్టద్దనే మనుషులు ఇంకెంతమంది తగులుతారో అనుకున్నాను. చాలామందే తగిలారు.

అంబులెన్సులో ఎక్కించుకుని బయల్దేరాం. ఏలూరు దాటి, కైకలూరు దాటి, మా గట్టు రోడ్డు మొదట్లోకి వచ్చేసరికి పొద్దున తొమ్మిదైంది. రోడ్డుకి అడ్డంగా ప్లాస్టిక్ కుర్చీలు వేసుకుని పెద్దలు కూర్చుని ఉన్నారు. వెనక సగం ఊరు. ఆ సగంలో మా తమ్ముడు, ఎవరి భుజం చాటునో.

పెద్దల్లో పెద్దాయన్ని నేను వరసకి బాబాయ్ అంటాను. ఆయనే మొదలెట్టాడు, ఎంతో నెమ్మదిగా.

"అమ్మాయ్, నీ బాధ మాకు తెలవదా. కానీ కర్మ అయిపోయిన మనిషిని ఊళ్లోకి తేకూడదమ్మా. ఒక మనిషికి రెండు దహనాలు చేస్తే ఊరికి అరిష్టం. చెరువుల్లో చేప నిలవదు. ఏలూరు తీసుకెళ్లి అక్కడ కానిచ్చేసెయ్. మనవాళ్లు తోడొస్తారు."

"అక్కడ ఎందుకు కానివ్వాలి బాబాయ్? దానికి ఊరు లేదా?"

"ఉందమ్మా. నువ్వే చీర ఇచ్చావు కదా. పెద్దకర్మ భోజనానికి నువ్వూ కూర్చున్నావు కదా."

చీర ఇచ్చాను. తిన్నాను. మా ఆయన నా చెయ్యి పట్టుకుని, "పోనీ, ఏలూరే వెళ్దాం" అన్నారు. నేను ఆయన చెయ్యి విదిలించేశాను. చనిపోయినవాళ్ల మాట తీసెయ్యడం అందరికీ తేలికే. శుక్రవారం ఫోన్ ఎత్తి విన్నది మాత్రం నేను.

అప్పుడు గుర్తొచ్చింది. గుర్తు రావడం కాదు, ఆ పెద్దాయన మొహంలో వాళ్ల నాన్న మొహం కనిపించింది. నా చిన్నప్పుడు తుఫానుకి వాళ్ల నాన్న పడవతో సహా కొట్టుకుపోయాడు. శవం దొరకలేదు. ఇదే పద్ధతి, ఇదే గడ్డిబొమ్మ, ఇదే పెద్దకర్మ. ఏడాది తిరక్కుండా ఆయన బతికి నడుచుకుంటూ వచ్చాడు. అప్పుడూ ఈ గట్టు మొదట్లోనే ఆపారు. ఆపి, పసిపిల్లాడికి చేసినట్టు నీళ్లు పోసి, పురుడు చేసి, బియ్యంలో పేరు రాసి, మళ్లీ పుట్టాడు అని చెప్పి ఇంటికి మోసుకెళ్లారు. పుట్టినవాడికి పాత పెళ్లి చెల్లదని చెప్పి భార్య మెడలో రెండోసారి తాళి కట్టించారు.

"బాబాయ్, మీ నాన్నగారు కర్మ అయిపోయాకే కదా ఊళ్లోకొచ్చారు" అన్నాను. "ఇక్కడే పురుడు పోశారు. మీ అమ్మగారికి మళ్లీ పెళ్లయితే మీరే తోడుపెళ్లికొడుకు. ఇంత బొట్టు పెట్టుకుని కూర్చున్నారు. నేను చూశాను."

వెనక ఎవరో కిసుక్కున నవ్వి ఆపుకున్నారు. ఆయన మొహం ఎర్రబడింది.

"ఆయన బతికొచ్చాడమ్మా."

"నాకెవరండీ బతికించి పంపుతారు? నాకు ఇచ్చింది ఇదే. దీనికే చేస్తాను పురుడు."

చావు కర్మలు చేయించే దాసుగారు పక్కనే నిలబడి ఉన్నారు. "ఇలాంటిది ఎక్కడా లేదమ్మా. పురుడు నా పని కాదు, నాది చావు పని" అన్నారు. "గడ్డికి చేయించినప్పుడు ఏ పనండి అది?" అన్నాను. పెద్దలు తలలు దగ్గరపెట్టుకుని గుసగుసలాడుకున్నారు. వాళ్లకి దారి లేదు. అది తప్పంటే వాళ్ల పెద్దాయన నాన్న తప్పు, ఆ తర్వాత పుట్టిన ఆయన తమ్ముళ్లిద్దరూ తప్పు.

చివరికి పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. "సరే. పురుడు పోశాక ఎవరింటికి మోసుకెళ్తావు? ఎవరింటికెళ్తే ఆ ఇంటి బిడ్డ. ఆ ఇంటికే మళ్లీ మైల."

అందరూ మా తమ్ముడి వైపు తిరిగారు. భుజం చాటు మనిషి పక్కకి తప్పుకున్నాడు. వాడు నేల చూపులు చూస్తూ, "రేపు సీడు దింపుతున్నాం అక్కా" అన్నాడు. ఖాళీ అయిన చెరువులో కొత్తగా చేపపిల్లలు వెయ్యాలి. మైల పడితే మళ్లీ ఆగిపోతుంది.

"నా ఇంటికి" అన్నాను. మా ఆయన్ని అడగలేదు. ఆయన అంబులెన్సు వెనక తలుపు తీస్తున్నారు, అదే ఆయన జవాబు.

పెట్టె తెరవద్దని హైదరాబాదులో మరీ మరీ చెప్పారు. తెరిచాను. చెక్క లోపల రేకు ఉంది. చెరువు నీళ్లకి గాలి పట్టించే ఏరియేటర్లు బాగుచేసే మెకానిక్ ఒకతను ముందుకొచ్చి, ఎవరూ అడక్కుండానే, కట్టర్‌తో ఆ రేకు కోసి పక్కకి వంచాడు. మందుల వాసన గుప్పుమంది. జనం వెనక్కి జరిగారు. అది నా చెల్లే. మొహం నల్లబడింది, బుగ్గలు దిగిపోయాయి, నుదురు మాత్రం మా అమ్మ నుదురే. చచ్చినవాడి కళ్లు చారెడు అంటారు. దాని కళ్లు ఎప్పుడూ చిన్నవే, అలాగే మూసుకుని ఉన్నాయి.

అమ్మ చెరువు పనికి పోతే, పదేళ్ల పిల్లని నేను, కాళ్లు చాపుకుని, దాన్ని నా కాళ్ల మీద పడుకోబెట్టి నీళ్లు పోసేదాన్ని. ఇప్పుడు కాళ్ల మీదకి రాదు. పసుపూ నూనే నీళ్లూ దగ్గరి ఇంట్లోంచి తెప్పించుకుని, పెట్టె పక్కన కూలబడి పాదాలకి పసుపు రాశాను, నుదుటికి నూనె పెట్టాను, గోరువెచ్చటి నీళ్లు మూడు దోసిళ్లు పోశాను. మా ఎదురింటామె ఎవరికీ చెప్పకుండా ఇంటికి పోయి పళ్లెంలో బియ్యం తెచ్చింది. మా ఆయన ఉంగరం తీసి బియ్యంలో పేరు రాశారు. ఒక అక్షరం పాడైతే చెరిపి మళ్లీ రాశారు. నేను వంగి దాని చెవిలో మూడుసార్లు పేరు చెప్పాను. ఊరంతా చూస్తుండగా ఏడ్చాను, నాకు సిగ్గేమీ లేదు.

అంతా అయింది అనుకునేసరికి వెనకనుంచి ఒక మహానుభావుడు, "పుట్టిన బిడ్డని పాతిపెడతారు కదండీ, కాల్చరు కదా" అన్నాడు. గోరుచుట్టు మీద రోకటిపోటు. "పళ్లొచ్చిన బిడ్డని కాల్చొచ్చు. ఇలా వచ్చి నోరు తెరిచి చూసుకో, ముప్పై రెండూ ఉన్నాయి" అన్నాను. అతను రాలేదు. ఆ తర్వాత ఎవరూ ఏ ధర్మసందేహమూ అడగలేదు.

మా ఇంటి వాకిట్లో పెట్టె దింపి, పది నిమిషాలుంచి, గట్టు మీదకి తీసుకెళ్లాం. తండ్రి హోదాలో మా ఆయన తలకొరివి పెట్టారు. మా తమ్ముడు దూరంగా, మోటారు షెడ్డు దగ్గర నిలబడ్డాడు. గడ్డి అయితే చిటికెలో అయిపోయింది. ఇది సాయంత్రం దాకా కాలింది. నేను కదలకుండా కూర్చుని చూశాను. ఇసకలో పెట్టనివ్వలేదే, చూసుకో, అని మనసులో దానికి చెప్పుకున్నాను.

మూడో రోజు మధ్యాహ్నం మా తమ్ముడు వచ్చాడు. గడ్డం గీసుకోలేదు. కాళ్లకి చెప్పులు లేవు. మైల ఉన్నవాడిలా గుమ్మం బయటే నిలబడ్డాడు. సీడు దింపలేదని, తెచ్చిన చేపపిల్లల్ని వెనక్కి పంపేశాడని అప్పటికే విన్నాను. విని కరగలేదు. వాడు గుమ్మం పట్టుకుని అడిగాడు.

"అక్కా, నాకు ఎన్ని రోజులు?"

"దేనికి?"

"మైల. నాకూ పది రోజులేనా?"

వాడి కళ్లు ఎర్రగా ఉన్నాయి. వాడు అడుగుతున్నది నాకు అర్థం కాకపోలేదు. ఒక్క మాట, అవునురా, నీకూ పది రోజులే, అంటే చాలు. లోపలికొచ్చి నా పక్కన చాప మీద కూర్చునేవాడు.

"పోయింది నా కూతురు" అన్నాను. "నా కూతురికి నువ్వు మేనమామవి. మేనమామకి రోజులేముంటాయిరా. తల మీద నీళ్లు పోసుకుని పనికి పో."

లోపలనుంచి మా ఆయన, "ఉండనివ్వవే వాణ్ని" అన్నారు. నేను వినిపించుకోలేదు. వాడు నా మొహం చూశాడు, ఇంకేమన్నా అంటానేమో అని. అనలేదు. మెల్లగా మా బోరింగు దగ్గరికి వెళ్లి, తనే కొట్టుకుని, చొక్కాతోనే రెండు చెంబులు తల మీద పోసుకున్నాడు. తుడుచుకోకుండా, నీళ్లు కారుతూ, చెరువు వైపు వెళ్లిపోయాడు. దానికి అన్నయ్య అని ఈ భూమ్మీద ఉన్నది వాడొక్కడే. వాణ్ని మేనమామని చేసి పంపేసింది నేనే.